ఒక్కసారి కొడితే ఆగాలి

జూన్ 9

పిల్ల పళ్ళు నేనే పాడుచేశానని డాక్టరు ముందు చెప్పావట. నీ మొగుడు పక్కనే నిలబడి తల ఊపాడట. "మా తమ్ముడు చాక్లెట్లు మేపి మేపి ఇలా చేశాడండీ" అన్నావట. ఈ మాట ఊళ్ళోవాళ్ళెవరో మోసుకొచ్చింది కాదు. నా ఉడతే, నీ కూతురే చెప్పింది, ఫోన్లో, గుసగుసగా. "మామయ్యా, నువ్వు నాకు చాక్లెట్లు పెట్టేవాడివా?" అని అడిగింది. తొమ్మిదేళ్ళ పిల్ల, తను ఏం తిన్నదో ఏం తినలేదో నన్నడిగి తెలుసుకోవాల్సిన గతి పట్టించావు.

ఫోన్లో అడిగితే సగంలో కట్ చేస్తావు. అందుకే కాగితం. చింపితే చింపు, చింపేముందు చదువుతావు. నీ సంగతి నాకు తెలీదా, చిన్నప్పుడు పొట్లం కట్టిన కాగితం కూడా చదవకుండా పారేసేదానివి కాదు.

చాక్లెట్లు! చల్లటిది తగిలినా దాని పళ్ళు జివ్వుమంటాయి, తియ్యటిది తగిలినా జివ్వుమంటాయి. ఒకసారి మా మేస్త్రి భార్య ముద్దుచేసి ఒక ముక్క నోట్లో పెడితే చెంప పట్టుకుని గోడకి తిరిగి కూర్చుంది. అప్పట్నుంచి మా గదిలోకి ఆ రంగు కాగితం వస్తే ఒట్టు. మూడేళ్ళ పిల్లని నా చేతికిచ్చి బస్సెక్కావు. నాకు అప్పుడు పద్దెనిమిది. బస్సులకి రంగు కొట్టడం కూడా సరిగా రాదు. పిల్లని పెంచడం ఎవడు నేర్పాడు నాకు? బ్రెడ్డు అంచులు కోసేసి మెత్తటిది పాలలో నానబెట్టాలని, ఆ పాలు చల్లగానూ ఉండకూడదు వేడిగానూ ఉండకూడదని, నా మణికట్టు మీద చుక్క వేసుకుని చూడాలని నాకు నేనే నేర్చుకున్నాను. చలికాలం బ్రష్ చేసుకునే నీళ్ళు కూడా కాచాను. నాకూ గోరువెచ్చటి నీళ్ళే అలవాటైపోయాయి, ఎండాకాలం చల్లటి నీళ్ళు తాగితే తప్పు చేస్తున్నట్టుంటుంది.

పాలపళ్ళలో వెనకవి సున్నం గోడలా రాలినప్పుడు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను కూడా. "ఊడిపోయే పళ్ళేగా, కొత్తవి శుభ్రంగా వస్తాయి" అన్నాడు. కొత్తవి వచ్చాయి. ముందు రెండూ పసుపు మచ్చలతో, వెనకవి తడిసిన సుద్దముక్కల్లా. అది నా తప్పా?

ఇంకోటి. ఈ నెల మొదట్లో నువ్వు దాన్ని వెనక్కి తీసుకుపోయిన మొదటిరోజే నీ మొగుడు ఐస్‌క్రీమ్ కొనిచ్చాడట. అది కప్పు నేలకేసి కొట్టిందట. "మొండిఘటం, మామ గారాబం" అనుకున్నారట మీరిద్దరూ. మంచి పని చేసింది. నా దగ్గర ఉంటే ఇంకో కప్పు ఇచ్చి మళ్ళీ కొట్టమనేవాణ్ణి.

డాక్టరుకీ, ఆయనకీ నువ్వు చెప్పింది అబద్ధమని నీ నోటితో నువ్వే చెప్పాలి. పిల్ల ముందు చెప్పాలి.

నీ తమ్ముడు
(ఇంకా అలా అనుకుంటూ ఉంటే)


జూన్ 17

ఒరేయ్,

ముందు మంచినీళ్ళు తాగు. గోరువెచ్చటివే తాగు. తర్వాత చదువు.

నీ ఉత్తరం లాండ్రీకి తెచ్చుకుని దుప్పట్ల మూటల వెనక కూర్చుని చదివాను. ఈ ఆస్పత్రి దుప్పట్లు ఉతికి ఉతికి నా చేతులు ఎలా అయ్యాయో చూస్తే నీకు ఇంత నోరు లేవదు. సరే, అది పక్కన పెట్టు.

చాక్లెట్ల మాట అన్నాను. నిజమే. డాక్టరమ్మ నోట్లో లైటు వేసి చూసి "ఇన్నాళ్ళూ ఎవరు చూసుకున్నారు పిల్లని?" అంది. తల్లిని పక్కనే ఉన్నాను. ఏం తింటుందో తెలీదు, ఎటువైపు నములుతుందో తెలీదు. ఏదో ఒకటి చెప్పాలి కదా అని నోటికొచ్చింది అనేశాను. ఆ కుర్చీలో నువ్వు కూర్చో, తెలుస్తుంది.

కానీ నువ్వు చేసింది మాత్రం తక్కువా? ఆ మాస్కు ఏంట్రా? రంగు కొట్టేవాళ్ళు కట్టుకునే ఆ గుడ్డ మాస్కు, చిన్నగా కుట్టించి దానికిచ్చావు. ఇంట్లో కట్టుకుంటుంది. బడిలో కట్టుకుంటుంది. అన్నం తినేటప్పుడు ఒక మూల పైకెత్తి, ముద్ద లోపలికి తోసి, మళ్ళీ దించుతుంది. టీచరు నన్ను పిలిపించి "మీ అమ్మాయి పాఠం చదవమంటే నోరు విప్పదు, జబ్బేమైనా ఉందా?" అని అడిగింది. నా కూతురు మొహం చూడ్డానికి నేను దాని నిద్ర కోసం ఎదురుచూడాలి. పళ్ళ సంగతి దేవుడెరుగు, దాచుకోమని ఎవరు నేర్పారు? సిగ్గుపడమని ఎవరు నేర్పారు? ఆరేళ్ళు నీ దగ్గరుంటే నువ్వు నేర్పిన చదువు అదేనా?

ఆయన్ని "నీ మొగుడు" అని రాయకు. నీకు బావ. స్కూలు బస్సు నడిపి నడిపి వందమంది పిల్లల్ని చూశాడు, పిల్లలంటే ప్రాణం. దాన్ని "మేడమ్" అని పిలుస్తాడు. మొన్న "మేడమ్, టికెట్" అంటే చెయ్యి చాపింది. అంతే, ఆ చెయ్యి చాపినందుకే పొద్దంతా ఆయన కాలు నేల మీద నిలవలేదు.

అది నన్ను అమ్మా అని పిలవడం ఇంకా రాలేదు. "ఇదిగో" అంటుంది. నిద్రలో మాత్రం మామయ్యా అంటుంది. నీకు సంతోషమే కదా.

అక్క


జూన్ 24

సిగ్గు నేర్పానా?

రెండో తరగతిలో దాన్ని మొక్కజొన్న కంకి అన్నారు. తెలుసా నీకు? "కంకీ, కంకీ, నవ్వవే, గింజలు లెక్కపెడతాం" అని చుట్టూ చేరేవాళ్ళు. పళ్ళు తోముకోదని పక్కన కూర్చునేవాళ్ళు కాదు. అది రోజుకి మూడుసార్లు నా చేత తోమించుకునేది, నొప్పికి కళ్ళనీళ్ళు కారుతూ. అక్కడ మొదలైంది చెయ్యి అడ్డం పెట్టుకోవడం. నేను నేర్పలేదు.

ఒకరోజు బడి నుంచి సరాసరి షెడ్డుకి వచ్చింది. మేం నలుగురం మాస్కుల్లో బస్సుకి రంగు కొడుతున్నాం. అది ఒక్కొక్కళ్ళ మొహం చూసి, "మామయ్యా, ఇక్కడ ఎవరి పళ్ళూ కనపడవు" అంది. అంత సంతోషంగా అనడం నేనెప్పుడూ వినలేదు. ఆ సాయంత్రమే మేస్త్రి భార్య చేత చిన్నది కుట్టించాను. దాచుకోమని ఇవ్వలేదు, తోడుగా ఇచ్చాను. మాతో పాటు అదీ ఒక పనివాడని ఇచ్చాను. మేస్త్రి దానికి హాజరు కూడా పలికించేవాడు.

అక్కడ అది మాట్లాడేది కూడా. రంగు చిమ్మే కంప్రెసర్ ఆన్ అయిందంటే మా షెడ్డులో నోటిమాట వినపడదు. రేకు మీద ఒకసారి కొడితే ఆగు, రెండుసార్లు కొడితే కానివ్వు. మాకు అదే భాష. వారంలో దానికి వచ్చేసింది. నీకూ, మీ టీచరుకీ నోటితో మాట్లాడితేనే మాట.

"మేడమ్" అంట. తొమ్మిదేళ్ళ పిల్లని మేడమ్ ఏంటి? అది ఉడత. బిస్కెట్టు రెండు చేతులతో పట్టుకుని ముందు పళ్ళకి తగలకుండా పక్కనుంచి కొరుక్కుంటుందని నేను పెట్టుకున్న పేరు. నేను చూసి పెట్టిన పేరు. ఆయన ఏం చూసి పెట్టాడు మేడమ్ అని? వందమంది పిల్లల్ని చూశాడట. వందమందిని అద్దంలో చూస్తాడు, వెనక్కి తిరక్కుండా. ఆయన గీతలు పెట్టిన బస్సులకే ఇక్కడ మేం రంగు కొడుతుంటాం, ఆయన డ్రైవింగ్ ఏపాటిదో నాకు తెలుసు.

చెయ్యి చాపిందని కాలు నిలవలేదట. నా దగ్గర అది భుజం ఎక్కి నిద్రపోయేది, నేను నేల మీదే ఉన్నాను.

పళ్ళు తోమడానికి చల్లనీళ్ళు ఇస్తున్నారా? అలా అయితే మానండి. బ్రష్ ముందు వేడినీళ్ళలో పెట్టి మెత్తబడనివ్వాలి. ఇది సలహా అనుకోకు, నీ కోసం చెప్పట్లేదు.

మాస్కు జోలికి ఎవరైనా వెళ్ళారో, బండెక్కి వచ్చి పిల్లని తీసుకుపోతాను. కాగితాల్లో తల్లివి నువ్వే. కాగితాలు నీ దగ్గరుంచుకో.

నేను


జూలై 5

తమ్ముడికి,

కాళ్ళు లాగేస్తున్నాయి, అయినా రాస్తున్నాను, ఎందుకంటే నీకు బాకీ ఉన్న మాట ఒకటుంది.

డాక్టరమ్మ దగ్గరికి మళ్ళీ వెళ్ళాం. ఈసారి అన్నీ చెప్పాను. నువ్వు నానబెట్టిన బ్రెడ్డు, కాచిన నీళ్ళు, అన్నీ. చాక్లెట్ల మాట అబద్ధమని చెప్పాను, పిల్ల ముందే. ఆమె ఏమందో విను. ఇది తిండి వల్ల వచ్చింది కాదట. పంటి మీద గట్టి పొర ఉంటుంది కదా, అది చిగురు లోపల తయారయ్యేటప్పుడే సరిగ్గా గట్టిపడలేదట. పన్ను పుట్టడమే మెత్తగా పుట్టింది. అందుకే చల్లటిదీ వేడిదీ సూటిగా నరానికి తగులుతాయి, అందుకే తోముకున్నా నొప్పి, అందుకే పిప్పి కూడా తొందరగా పడుతుంది. ఇలాంటి పిల్లలకి మత్తుమందు కూడా ఒక్కోసారి సరిగా ఎక్కదట. "మొండితనం కాదమ్మా, నిజంగానే నొప్పి" అంది. నేను ఐస్‌క్రీమ్ కప్పు గుర్తుచేసుకుని తల దించుకున్నాను.

మొదటి ఏడాదిలో ఏమైనా జబ్బు చేసిందా అని అడిగింది. చేసింది. నీకు అప్పుడు పదిహేనేళ్ళు, ఇవన్నీ నీకెవరూ చెప్పలేదు. నెలలు నిండకముందు నా ఒళ్ళూ బాగాలేదు, పుట్టాక దానికీ జ్వరాలు విడవలేదు. "ఇదే కారణమని కచ్చితంగా చెప్పలేం, ఎవరి తప్పూ కాదు" అంది ఆమె. ఆమె అలా అంటుంది. నాకు మాత్రం ఆ రాత్రుళ్ళన్నీ మళ్ళీ గుర్తొచ్చాయి.

ముందు పళ్ళు రెండింటికీ పంటిరంగు పూత వేశారు. కొత్తగా రంగు వేసిన గోడలా ఉన్నాయిప్పుడు. వెనక వాటికి తొడుగులు వెయ్యాలి, అది ఇంకోసారి. పూత వేస్తున్నంతసేపూ పిల్ల కుర్చీ చేతి మీద వేళ్ళతో టకటకా కొడుతూనే ఉంది, భయంతో. మీ బావ పక్కనే కూర్చుని ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఎంత ధైర్యం చెప్పాడో. నేనైతే తలుపు దగ్గరే నిలబడ్డాను, చూడలేక.

బయటికొచ్చాక ఆమె అద్దం ఇచ్చింది. పిల్ల చాలాసేపు చూసుకుంది. మాస్కు చేతిలోనే ఉంది. దాన్ని మీ బావ తీసుకుని తను కట్టుకున్నాడు. ఆ పెద్ద మొహానికి ఆ చిన్న గుడ్డ, చెవులు రెండూ ముందుకి మడిచిపోయాయి. ఇంటిదాకా అలాగే బస్సులో కూర్చున్నాడు, జనం చూస్తున్నా. అప్పుడు నవ్విందిరా. చెయ్యి అడ్డం పెట్టుకోకుండా. ఫొటో పంపిస్తున్నాను. నువ్వు చూడాలనే తీశాను.

మీ అక్క


జూలై 12

ఆ మాస్కు నాది.

ఆయనకెవరిచ్చారు? నా గుడ్డ, నా షెడ్డు, నేను పక్కన నిలబడి కుట్టించింది. అది కట్టుకుని కోతిలా కూర్చుని నా పిల్లని నవ్వించాడు. ఆరేళ్ళు, అక్కా. ఆరేళ్ళు నేను ఆ నవ్వు కోసం తలకిందులుగా నడిచాను. నాకు దొరికింది కళ్ళే, మాస్కు పైన కళ్ళు. పళ్ళు ఎలా ఉన్నా నాకు ఫరవాలేదే, ఒక్కసారి నోరారా నవ్వి ఉంటే చాలేది. నెల తిరక్కుండా ఆయన కొట్టేశాడు, ఒక డాక్టరు ఫీజు కట్టి.

ఫొటో పంపావు. నేను చూడాలని తీశావట. కడుపు మండాలని తీశావు. మండింది. షెడ్డులో మిగతావాళ్ళు లాక్కుని చూసి "మన హాజరు పిల్ల ఎంత బాగుందిరా" అన్నారు. నేను తిరిగి లాక్కుని నీ ఉత్తరంతో సహా రంగు డబ్బాల అల్మరాలో పెట్టి తాళం వేశాను.

చెయ్యి పట్టుకున్నాడట, ధైర్యం చెప్పాడట. ఆ చేతికి గోళ్ళు తీసింది ఎవరు?

ఇంకో మాట. తప్పు నాది కాదని తేలింది కదా. జ్వరాలు, నీ ఒంట్లో బాగోకపోవడం. అంటే తప్పు నీ కడుపుదన్నమాట. ఇది కూడా డాక్టరు ముందు చెప్పావా, నీ మొగుడు తల ఊపాడా?

నాకు జవాబు రాయక్కర్లేదు.


జూలై 30

రాయక్కర్లేదన్నావు. పద్దెనిమిది రోజులు రాయలేదు. చివరి మాట మీ బావ కంట పడకుండా ఆ కాగితం లాండ్రీ గుంటలో వేశాను. నా గురించి కాదు. ఆయన చదివితే ఇంక నిన్ను గడప తొక్కనివ్వడని.

నీ మీద ప్రేమతో రాయట్లేదు. గతిలేక రాస్తున్నాను.

వెనక పళ్ళకి తొడుగుల కోసం తీసుకెళ్ళాం. నోరు తెరవలేదు. మీ బావ చెయ్యి పట్టుకోబోయాడు, అంతే, రెండు చేతులూ వీపు వెనక పెట్టుకుని పెదాలు బిగించేసింది. డాక్టరమ్మ బతిమాలింది, నేను బతిమాలాను. పోయినసారి అంత బాగా కూర్చున్న పిల్ల. మరుసటి వారం గుమ్మం దగ్గరే కూలబడింది. ఇప్పుడు ఇంట్లో నన్ను కూడా బ్రష్ పట్టుకోనివ్వడం లేదు. కుడివైపు పన్ను సగం విరిగింది. పాలు తప్ప ఏమీ దిగట్లేదు. గౌను భుజాల మీంచి జారిపోతోంది. పిల్లకి మీ బావతో మాటల్లేవు, మాస్కు మళ్ళీ ఎక్కింది. ఆయన పాపం ఏం తప్పు చేశానా అని నన్నే అడుగుతున్నాడు.

ఇంకా ఆలస్యమైతే ఆ పన్ను దక్కదంది డాక్టరమ్మ. మళ్ళీ తిరిగిరాని పన్ను. ఆగస్టు ఇరవై ఒకటికి రమ్మంది.

ఆరేళ్ళు నువ్వు దాని నోట్లో బ్రష్ పెట్టావు. ఎలా తెరిపించేవాడివి? "వాళ్ళ మామయ్యనే అడగండి" అంది ఆమె కూడా. అడుగుతున్నాను. చెప్పకపోతే నీ ఇష్టం.


ఆగస్టు 5

చెయ్యి పట్టుకున్నారు మీరు! అన్నిటికన్నా ఘోరం అదే, అది మీ ఇద్దరికీ ఇంకా తెలీదు.

అక్కా, అది చెయ్యి కాదే. బ్రేకు.

నీ ఉత్తరం షెడ్డులో చదివాను. చదువుతుంటే బస్సు అవతలివైపు నుంచి మావాడు రేకు మీద ఒకసారి కొట్టాడు, నేను చేతిలో రంగు కొట్టే గన్ను లేకపోయినా ఠక్కున ఆగాను. అప్పుడు తెలిసింది. వెంటనే అల్మరా తాళం తీసి నీ పాత ఉత్తరం చూశాను. కుర్చీ మీద వేళ్ళతో టకటకా కొడుతూనే ఉందని నువ్వే రాశావు. నేనూ చదివాను. చదివి ఆయన చెయ్యి పట్టుకున్నాడన్న ముక్క దగ్గరే కళ్ళు మండి కూర్చున్నాను. కళ్ళుండీ చూడలేదు. సరే.

మా దగ్గర పళ్ళు తోమడం ఎలాగంటే, అది డ్రమ్ము మీద కూర్చునేది, ఒళ్ళో రంగు డబ్బా మూత. నోరు నిండా బ్రష్ ఉంటే మాట రాదు, కంప్రెసర్ ఉన్నట్టే. మూత మీద రెండుసార్లు కొడితే నేను మొదలుపెట్టాలి. ఒకసారి కొడితే ఆగాలి. "ఇంకొక్క నిమిషం" అనకూడదు. "అయిపోవచ్చింది" అనకూడదు. ఎందుకు అని అడగకూడదు. మొదట్లో ఉత్తినే కొట్టేది, నేను ఆగుతానో లేదో చూడ్డానికి. ఆగేవాణ్ణి. పనికి ఆలస్యమైనా, మేస్త్రి తిట్టినా ఆగేవాణ్ణి. కొన్నాళ్ళకి కొట్టడమే మానేసింది, మూత ఒళ్ళో ఉంటే చాలు. అంతే, మంత్రం లేదు, మాయ లేదు.

ఆ కుర్చీలో అది ఆపండి ఆపండి అని అరుస్తూనే ఉంది. ఎవరూ ఆగలేదు. పైగా అరిచే నోరు మూశారు, ప్రేమగా. బస్సు నడిపే మనిషిని అడుగు, బ్రేకు కింద ఎవడైనా రాయి పెడితే ఆ బండి మళ్ళీ ఎక్కుతాడేమో.

ఈ మాట రాయకూడదని మూడు రోజులు అనుకున్నాను. దాచడమేంటి, నిజం చెప్తాను. దాని గురించి నాకు తెలిసి మీకు తెలియనిది ఇదొక్కటే మిగిలింది. గోరువెచ్చటి నీళ్ళు ఇచ్చేశాను. మాస్కు ఆయన లాక్కున్నాడు. నవ్వు మీ దగ్గరుంది. ఇదీ రాసేస్తే ఆయన నేనైపోతాడు, నేను ఫోన్లో గొంతునైపోతాను. రాయకపోతే పన్ను పోతుంది. మెత్తటి పన్ను మీద నేను పంతం పట్టలేను. తీసుకోండి.

మూత పార్సిల్లో పంపిస్తున్నాను. పచ్చరంగు అంటుకునుంది, గోకొద్దు, అది గుర్తుపడుతుంది. ఇరవై ఒకటో తేదీ కుర్చీలో దాని ఒళ్ళో పెట్టండి. డాక్టరమ్మకి నియమం చెప్పండి. మధ్యలో పదిసార్లు ఆగాల్సొస్తే పదిసార్లు ఆగమనండి. బావని చేతులు జేబులో పెట్టుకుని కూర్చోమను. ఆయన కావాలని చేయలేదు, నాకు తెలుసు. బావ అని రాశాను, చదివి వినిపించు, కానీ మురిసిపోవద్దని చెప్పు.

కడుపు మాట లాండ్రీ గుంటలో వేశావు. అక్కడే ఉండనీ. నువ్వు మాత్రం మళ్ళీ తీసి చదువుకోవద్దు.

ఇప్పుడు నాకు కావలసింది. ఆ రోజు నేను ఆ తలుపు దగ్గర నిలబడాలి. నిన్ను అడగట్లేదు, బావని అడగట్లేదు. దాన్నే అడగండి, మూత చేతికిచ్చి అడగండి, మీరిద్దరూ ఎదురుగా లేకుండా. మామయ్య రావాలా అని. అది ఎన్నిసార్లు కొడితే అన్ని చుక్కలు ఒక కాగితం మీద దాని చేతే పెట్టించి నాకు పంపు. నువ్వు ఒక్క అక్షరం కూడా కలపొద్దు. రెండు చుక్కలైతే బండెక్కుతాను. ఒకటే అయితే ఇక్కడే ఆగిపోతాను. ఎందుకు అని అడగను.

పదిహేనో తేదీ లోపు అందాలి. ఆ సాయంత్రం దాకానే మేస్త్రి నా సెలవు పట్టి ఉంచుతానన్నాడు.